‘మిమ్మును’, ‘నీకొరకు’ – ఒక్క మనిషితోనేనా?

సందేహం: లూకా సువార్త 22వ అధ్యాయంలో యేసు సీమోనుతో మాట్లాడుతూ సాతాను ‘మిమ్మును’ గోధుమలవలె జల్లించాలని కోరుకున్నాడంటాడు. వెంటనే ‘నీకొరకు వేడుకొంటిని’ అంటాడు. ఇది అనువాదకుల పొరపాటా? శిష్యులు యేసును ‘నీవు’ అనడం అమర్యాద కాదా?

సమాధానం: పొరపాటేమీ లేదు. ఇప్పటి మన మాటల్లో ‘మీరు’ రెండు పనులు చేస్తుంది: పెద్దవారికి మర్యాద ఇస్తుంది, పదిమందినీ కలిపి పిలుస్తుంది. పాత గ్రాంథిక బైబిలులో దానిది రెండో పనే. మూలమైన హీబ్రూ, గ్రీకుల్లో ఎదుటివారిని పిలవడానికి ఏకవచనం, బహువచనం ఉన్నాయి కానీ, మన ‘మీరు’ లాంటి మర్యాద రూపం లేదు. అనువాదకులు ఆ లెక్కనే పాటించారు.

ఇప్పుడు ఆ వాక్యం మళ్లీ చూడండి. ‘మిమ్మును’ అంటే శిష్యులందరినీ. ‘నీకొరకు’ అంటే సీమోను ఒక్కడికోసం. జల్లెడలో పడేది అందరూ. తేరుకున్నాక మిగతావారిని స్థిరపరచాల్సింది మాత్రం అతడు. ‘మిమ్మును’ మర్యాదకోసం అన్నారనుకుంటే ఈ మెలిక కాస్తా జారిపోతుంది. యోహాను 3:7లోనూ అంతే: ‘మీరు క్రొత్తగా జన్మింపవలెనని నేను నీతో చెప్పినందుకు’. వింటున్నది యేసు దగ్గరికి వచ్చిన యూదుల అధికారి నీకొదేము ఒక్కడే, మాట అందరికీ. ‘మీరు దేవుని ఆలయమై యున్నారు’ అన్నది కూడా పౌలు తన లేఖలో కొరింథు సంఘమంతటితో అన్నమాట. ఒంటరిగా చదువుకునేవారు అది తమ ఒక్కరికే అనుకుంటుంటారు.

ఇక అమర్యాద సంగతి. ‘మా తండ్రీ, నీ నామము’ అని ప్రార్థించేవారికి ఆ అనుమానం అక్కర్లేదు. మన శతకాల్లోనూ దేవుడు ‘నీవే’.

నిజంగా ఒళ్లు దగ్గర పెట్టుకుని చదవాల్సింది ‘వాడు’, ‘ఆయన’ల దగ్గర. యోహాను 9లో చూపు వచ్చిన గుడ్డివాడు ‘వాడు’, యేసు ‘ఆయన’. గ్రీకులో 9వ వచనంలో అతనికీ, 12వ వచనంలో యేసుకూ వాడినది ఒకే సర్వనామం. హెచ్చుతగ్గులు మన భాషవి. తెలుగులో ఏదో ఒకటి ఎంచుకోక తప్పదు. ‘వాడు’ అన్నారు కదా అని సువార్తికుడికి ఆ మనిషి అంటే చులకన అనుకోకూడదు.

వాడుకభాషలో వచ్చిన కొత్త అనువాదాల్లో మర్యాదకోసం ‘మీరు’ వాడినవీ ఉన్నాయి. మీ చేతిలో ఉన్నది అలాంటిదైతే, ఒక్కరితో అన్నమాటో అందరితో అన్నమాటో తేల్చుకోవడానికి పాత ప్రతి కూడా పక్కన పెట్టుకోండి.