డెక్ కింద స్కంక్ చేరితే

న్యూజెర్సీలో మీ ఇంటి డెక్ (ఇంటికి ఆనించి కట్టిన చెక్క అరుగు) కింద స్కంక్ (భయపడితే తోక కింది నుంచి కంపు ద్రవం చిమ్మే నలుపు తెలుపు చారల చిన్న జంతువు) చేరిందని, కుక్క మీద ఆ ద్రవం చిమ్మిందని రాశారు కదండీ. టెన్షన్ పడకండి, ముందు కుక్క సంగతి చూడండి. టొమాటో రసంతో ఆ కంపు పోదు. పావు గాలన్ 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్‌లో పావు కప్పు బేకింగ్ సోడా, చెంచాడు డిష్ సోప్ కలిపి, నురగ మీదుండగానే పట్టించండి. కళ్లలో పడనీయకండి. ఐదు నిమిషాలాగి కడిగేయండి. మిగిలింది పారబోయాలి, సీసాలో బిగిస్తే పేలుతుంది. స్కంక్ కుక్కను కరిచిందేమో కూడా చూడండి, రేబిస్ భయం ఉంది కాబట్టి వెట్‌కి (పశువుల డాక్టర్‌కి) ఫోన్ చేయడం మంచిది.

డెక్ కన్నం వెంటనే మూసేయకండి. పేపర్ ఉండలు వదులుగా కుక్కి, రెండు మూడు రాత్రులు అవి కదలకపోతే లోపల స్కంక్ లేనట్టు, అప్పుడే మూయండి. మే, జూన్‌లలో లోపల స్కంక్ పిల్లలు ఉండొచ్చు, మూసేస్తే అవి చిక్కుకుపోతాయి, పాపం. తర్వాత ఇనుప జాలీని అడుగు లోతున పాతి, కింది అంచును బయటికి వంచండి. స్కంక్ ఎదురుపడి ముందు కాళ్లతో నేల తన్నిందంటే అది హెచ్చరిక, మెల్లగా వెనక్కి జరగండి.