కరోనాలో ‘మనోళ్లు’ ఎవరు? మా ఊళ్లో నేను చూసింది

కరోనా లాంటి కష్టంలో కూడా జనం తమ కులం, తమ మతం వాళ్లకే ఎందుకు సాయం చేస్తారు, ఇది మారుతుందా అని నన్ను ఒకరు అడిగారు. మాది పాలమూరు (మహబూబ్‌నగర్) జిల్లా జడ్చర్ల దగ్గర, 44వ నంబర్ జాతీయ రహదారిని ఆనుకొని ఉన్న ఊరు. 2020 లాక్‌డౌన్‌లో మా కులసంఘం తరఫున ఇల్లిల్లూ తిరిగి సరుకులు పంచాను.

సంఘం వాట్సాప్ గ్రూపులో మెసేజ్ పెట్టిన రెండు రోజులకే కావలసినంత జమైంది. అదంతా కులాభిమానమే అంటే నేను ఒప్పుకోను. ఎవరింట్లో పొయ్యి వెలగడం లేదో మాకు తెలుసు. లెక్క అడిగితే చెప్పేవాళ్లు కళ్లముందే ఉంటారు. రేపు మనింటికి జబ్బొస్తే వీళ్లే కదా వచ్చేది అన్న ధైర్యం కూడా ఉంటుంది. ముక్కూమొహం తెలియని చోట ఇవేవీ ఉండవు.

కానీ ఒక పొద్దు నాకు ఇప్పటికీ మనసులోంచి పోదు. బియ్యం, కందిపప్పు, నూనె ప్యాకెట్ ఉన్న సంచి భుజాన వేసుకొని మా వాడకట్టులో పోతున్నాను. బుడగజంగాల కులం అవ్వ ఒకామె గడపలో కూర్చొని ఉంది. "నా పేరు రాస్కున్నరా బిడ్డా?" అంది. ఆగాను గానీ నోరు రాలేదు. ఆ నెల ప్రభుత్వం రేషన్ కార్డు ఉన్నవాళ్లకు మనిషికి 12 కిలోల బియ్యం, ఇంటికి 1500 రూపాయలు ఇచ్చింది. అవ్వకు కార్డు లేదు. ఊళ్లో వాళ్లది ఒకటే ఇల్లు. ఒక్క ఇంటికి సంఘం ఎక్కడిది? సాయంత్రం మా ఇంట్లోంచే బియ్యం తీసుకుపోయి ఇచ్చాను.

మే నెలలో రోడ్డు మీద వేరే కథ. బెంగళూరు దిక్కు నుంచి నాగపూర్ దిక్కుకు కూలీలు పిల్లల్ని ఎత్తుకొని నడిచిపోతున్నారు. వాళ్లకు అన్నం పెడదామని అదే గ్రూపులో అడిగితే ముందు ఎవరూ పలకలేదు. రాత్రి ఒక పెద్దాయన వాయిస్ మెసేజ్ పెట్టాడు: "మా నాయన బొంబాయిల పని బందయితే ఇట్లనే వచ్చిండు. పాలమూరు కూలీ అంటే మనమే కాదా?" తెల్లారేసరికి పైసలు వచ్చాయి. వేరే కులాల వాళ్లూ ఇచ్చారు. రంజాన్ ఉపవాసంలో ఉన్న పిల్లలు ఎండలో నిలబడి నీళ్ల ప్యాకెట్లు పంచారు. నడిచేవాళ్ల భాష మాకు రాదు, కులం ఎవరూ అడగలేదు. వలస అన్న ఒక్క మాటతో వాళ్లు మావాళ్లయ్యారు.

కాబట్టి మారుతుంది. ‘మనోళ్లు’ అన్న భావన పోదు, పోవాలని కూడా నేను అనను. ఎవర్ని ఏమని పిలిచి అడుగుతున్నాం అన్నదాన్ని బట్టి అది పెరుగుతుంది, కుంచించుకుపోతుంది.

మీరూ పంచే పనిలో ఉంటే నాదొక సలహా. పైసలు సంఘంలోనే జమ చేయండి, నమ్మకం అక్కడే ఉంది. పేర్లు మాత్రం ఆశా కార్యకర్తను వెంటబెట్టుకొని వాడవాడా తిరిగి రాయండి. జ్వరం ఎవరికి ఉందో, కార్డు ఎవరికి లేదో ఆమెకు తెలుస్తుంది. 2021లో రెండో వేవ్ వచ్చినప్పుడు మేం అట్లే చేశాం, సంచి మీద సంఘం పేరు వేయలేదు. ఇద్దరు దాతలు ఒప్పుకోలేదు. వాళ్ల పైసలు వాపసు ఇచ్చి, జాబితాలో మొదటి పేరు అవ్వది రాసుకున్నాం.