డయాలసిస్‌లో రక్తం మొత్తం మారుస్తారా? ఒంట్లో నీరు ఎలా తీస్తారు?

మార్చరు. మా ఊళ్లో పరామర్శకు వచ్చే ప్రతివారూ "రక్తం మారుస్తున్నారట కదా" అనే మొదలుపెడతారు. నాలుగేళ్లుగా చెప్పి చెప్పి నా నోరు అరిగిపోయింది. మనిషి రక్తమే బయటికి వచ్చి, శుభ్రపడి, మళ్లీ అదే చేతిలోకి వెళుతుంది. ఏ క్షణాన చూసినా బయట ఉండేది ఓ గ్లాసుడు.

మాది అమలాపురం దగ్గర పల్లె. కిడ్నీలు పనిచేయని నాన్నగారికి సోమ, బుధ, శుక్రవారాల్లో నాలుగేసి గంటలు డయాలసిస్. యంత్రం పక్కన బిగించే గొట్టంలో సన్నని బోలు పోగులు వేలకొద్దీ ఉంటాయి. పోగుల లోపల రక్తం, బయట ఎదురు దిశలో లవణాలు కలిపిన శుద్ధమైన నీళ్లు. యూరియా, క్రియాటినిన్ అనే మలినాలు రక్తంలోంచి పోగుల గోడల్లోని అతి సన్నని రంధ్రాల గుండా ఆ నీళ్లలోకి జారిపోతాయి. రక్తకణాలు ఆ రంధ్రాల్లో పట్టవు. ఒక్క విడతకు ఆ నీళ్లే 120 లీటర్ల దాకా అవుతాయి. ఒంట్లో చేరిన నీటిని మాత్రం యంత్రం ఒత్తిడి పెట్టి లాగాలి. ఎంత లాగాలో తూకం చెబుతుంది: కిలో పెరిగితే లీటరు.

ఆ తూకం దగ్గరే మా ఇంట్లో గొడవ. పోయిన వేసవిలో బాబాయి గెల గంగాబొండాలు దించి, "కొబ్బరినీళ్లకు మించిన మందేముంది అన్నయ్యా" అంటూ కొట్టి ఇచ్చారు. శని, ఆదివారాల్లో ఎన్ని తాగారో నాన్నగారు ఇప్పటికీ చెప్పరు. సోమవారం నాలుగు కిలోలు ఎక్కువ! మూడో గంటలో బీపీ పడిపోయింది, పిక్కలు రాయిలా బిగుసుకున్నాయి. టెక్నీషియన్ నీరు లాగడం ఆపి సెలైన్ ఎక్కించాడు. తీయాల్సిన నీటిలో కొంత మళ్లీ పోయవలసి వచ్చిందన్నమాట.

వానలకు చేలు మునిగినప్పుడు చూసే ఉంటారు. మురుగు కాలువకు దారి ఇవ్వగానే కాలువ దిగుతుంది గానీ, చేలో నీరు వెంటనే దిగదు. యంత్రానికి అందేది రక్తంలోని నీరే. కాళ్ల వాపులో ఉన్నది మెల్లగా రక్తంలోకి ఊరాలి. తొందరపెడితే కాలువ ఎండుతుంది, చేను మునిగే ఉంటుంది.

డాక్టరు నీటికన్నా పొటాషియానికే ఎక్కువ కేకలేశారు, అదీ నామీద. కొబ్బరినీళ్లలో అది దండిగా ఉంటుంది, కిడ్నీలు పనిచేయనివారికి గుండె లయే తప్పవచ్చు. ఈ మాట కోనసీమలో చెప్పి చూడండి, మిమ్మల్నే వెర్రివాడంటారు. "సీసాల్లో అమ్మేవాటి సంగతి అది, చెట్టు మీది నీళ్లకు దోషమేమిటి?" అంటారు బాబాయి. ఇప్పటికీ బొండాలు తెస్తూనే ఉంటారు. అమ్మ వీధిగుమ్మం దగ్గరే అందుకుని, మమ్మల్ని ఆసుపత్రికి తీసుకెళ్లే ఆటో అబ్బాయికి ఇచ్చేస్తుంది.