రిజిస్టర్‌లో అంకె పెరిగిందంటే

తమ్ముడూ,

డెన్మార్క్ పిల్లల్లో ఆటిజం గురించి నువ్వు పంపిన వ్యాసం చదివాను. బాగా కష్టపడ్డావు. కానీ 'ఆటిజం విజృంభణ' అన్న హెడ్డింగ్ తీసెయ్. ఆ మాట చదివిన తల్లి, తను బిడ్డకు వేయించిన టీకాల దగ్గర్నుంచి అన్నీ గుర్తు చేసుకుని కుమిలిపోతుంది. టీకాల సంగతి ఆ దేశపు రిజిస్టర్లే, అంటే ప్రజల ఆరోగ్య వివరాలు నమోదు చేసే ప్రభుత్వ రికార్డులే, తేల్చాయి: 6,57,461 మంది పిల్లల వివరాలు పరిశీలించి, ఎంఎంఆర్ (తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా) టీకా వల్ల ఆటిజం ముప్పు పెరగదని 2019లో చెప్పారు. ఇది నీ వ్యాసంలో తప్పకుండా ఉండాలి.

అక్కడ 1968 నుంచి ప్రతి మనిషికీ ఒక నంబరు ఉంది. దాని సాయంతో, ఇంటింటికీ తిరగకుండానే, ఒక ఏడాది పుట్టిన పిల్లలందరినీ ఏళ్ల తరబడి గమనించవచ్చు. గొప్ప వసతే. అయితే రిజిస్టర్‌కెక్కేది డాక్టరు రాసిన డయాగ్నోసిస్, అంటే సమస్య ఇదీ అన్న నిర్ధారణ. డాక్టరు దాకా రాని పిల్లవాడు అందులో కనిపించడు.

నువ్వు వదిలేసిన అసలు కథ ఇక్కడుంది. 1994లో అక్కడ డయాగ్నోసిస్ ప్రమాణాలు మారాయి. జబ్బుల అంతర్జాతీయ వర్గీకరణ అయిన ఐసీడీలో 8వ కూర్పు నుంచి నేరుగా 10వ కూర్పుకి వెళ్లారు. 1995 నుంచి ఔట్‌పేషెంట్లనూ నమోదు చేయడం మొదలుపెట్టారు. అంతకుముందు ప్రధానంగా ఆసుపత్రిలో చేరినవాళ్లే లెక్కలోకి వచ్చేవారు. ఆటిజం ఉన్న పిల్లల్లో ఎంతమందిని ఆసుపత్రిలో చేరుస్తారు చెప్పు? 1980-91 మధ్య పుట్టిన 6,77,915 మంది రికార్డులు చూసిన పరిశోధకులు, ఆటిజం కేసుల పెరుగుదలలో దాదాపు 60 శాతం ఈ రెండు మార్పుల వల్లేనని 2015లో ప్రకటించారు. మిగతా 40 శాతానికి నువ్వు సొంతంగా కారణాలు అంటగట్టకు.

స్వీడన్ సంగతీ చేర్చు. అక్కడ కవల పిల్లల తల్లిదండ్రులను ఫోన్‌లో ఆటిజం లక్షణాల గురించి అడిగారు. పదేళ్ల కాలంలో పుట్టిన పిల్లల్లో లక్షణాలు ఏటికేడు ఇంచుమించు ఒకేలా ఉన్నాయి, రిజిస్టర్‌లో డయాగ్నోసిస్‌లు మాత్రం పెరుగుతూ పోయాయి. ఈ రెండింటినీ గ్రాఫ్‌లో రెండు గీతలుగా పక్కపక్కన పెడితే పాఠకుడికి వెంటనే అర్థమవుతుంది.

ఇంకొకటి, ఐదేళ్ల పిల్లలను పదిహేనేళ్ల వాళ్లతో పోల్చావు. చిన్నవాళ్లలో చాలామందికి డయాగ్నోసిస్ ఇంకా కాలేదు. ఎప్పుడు పుట్టినవాళ్లనైనా ఒకే వయసు దగ్గర పోల్చాలి.

గ్రాఫ్‌లో 1994, 1995 దగ్గర నిలువు గీతలు గీసి, కింద కారణం రాసి మళ్లీ పంపు.

ఆశీస్సులతో,
అన్నయ్య