మడమ నుంచి తీసిన రక్తపు చుక్క

ప్రశ్న: మా మనవడు విశాఖలోనే ఒక ప్రైవేటు ఆసుపత్రిలో పుట్టాడు. మూడో రోజు మడమ పొడిచి కాగితం మీద రక్తం తీసుకున్నారు. 17-ఓహెచ్‌పీ ఎక్కువగా ఉందని, మళ్లీ పరీక్ష చేయించమని నిన్న ఫోన్ వచ్చింది. పిల్లాడు పాలు బాగానే తాగుతున్నాడు. 21వ రోజు బారసాల అయ్యాక వెళ్లొచ్చా? మా కాలంలో లేని ఈ పరీక్ష ఎక్కడి నుంచి వచ్చింది?
– ఒక పాఠకురాలు, గాజువాక

జవాబు: బారసాల దాకా ఆగకండమ్మా, ఈ రోజే తీసుకెళ్లండి. 17-ఓహెచ్‌పీ అనే హార్మోన్ ముడిసరుకు ఎక్కువగా ఉంటే, అడ్రినల్ గ్రంథులకు పుట్టుకతో వచ్చే జబ్బును (కంజెనిటల్ అడ్రినల్ హైపర్‌ప్లేసియా) అనుమానిస్తారు. ఈ జబ్బు ఉన్న మగపిల్లాడు పుట్టినప్పుడు మామూలుగానే కనిపిస్తాడు. చాలామందిలో ఒంట్లోని ఉప్పు మూత్రంలో పోతూ ఉంటుంది. సాధారణంగా ఒకటి నుంచి మూడు వారాల మధ్య వాంతులు, పాలు తాగకపోవడం, బరువు తగ్గడం మొదలవుతాయి. దిష్టి తగిలిందనో, పాలు అరగలేదనో అనుకునేలోగా ప్రాణం మీదకు వస్తుంది.

కిడ్నీల మీద టోపీల్లా ఉండే అడ్రినల్ గ్రంథులు ఒంటికి జబ్బును తట్టుకునే శక్తినిచ్చే కార్టిసాల్, ఉప్పును ఒంట్లో నిలిపే ఆల్డోస్టిరాన్ హార్మోన్లు తయారుచేస్తాయి. అందుకు కావలసిన 21-హైడ్రాక్సిలేజ్ అనే ఎంజైమ్ పుట్టుకతోనే లోపిస్తే, ముడిసరుకైన 17-ఓహెచ్‌పీ పేరుకుపోయి మగ హార్మోన్ల వైపు మళ్లుతుంది. అందుకే ఆడపిల్లల్లో జననాంగాల తేడా పుట్టగానే కనబడుతుంది, మగపిల్లల్లో తెలియదు. ఈ పరీక్ష వల్ల ఎక్కువ మేలు మగపిల్లలకే.

1865లో నేపుల్స్‌లో డి క్రెక్కియో అనే వైద్యుడు, మగవాడిగా బతికిన ఒకరి శవాన్ని పరీక్షిస్తే లోపల గర్భసంచి, బాగా పెరిగిన అడ్రినల్ గ్రంథులు కనిపించాయి. మందు దొరకడానికి 1950 దాకా పట్టింది. అమెరికాలో లాసన్ విల్కిన్స్ అనే పిల్లల వైద్యుడు కార్టిసాల్ లాంటి కార్టిజోన్ అనే మందు వాడి ఫలితం చూపించారు. మందు వచ్చినా, జబ్బు తెలిసేలోపే పిల్లలు పోయేవారు. ఫినైల్‌కీటోన్యూరియా అనే మరో పుట్టుక జబ్బును పట్టుకోవడానికి అమెరికా వైద్యుడు రాబర్ట్ గుత్రీ మొదలుపెట్టిన రక్తపు కాగితం మీదే 17-ఓహెచ్‌పీని కొలవవచ్చని 1977లో సాంగ్యా పాంగ్ బృందం నిరూపించింది. ఈ జబ్బు చాలా ఎక్కువగా ఉన్న అలాస్కాలోని యూపిక్ అనే ఆదివాసుల్లో తొలి ప్రయత్నాలు జరిగాయి. జపాన్ 1989లో దేశమంతటా ప్రారంభించింది. మన దేశంలో ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) అధ్యయనంలో 5,762 మందిలో ఒకరికి ఉన్నట్టు తేలింది. అయినా ఇక్కడ ఇంకా తప్పనిసరి కాలేదు. కావాలి.

ఫోన్ వచ్చినంత మాత్రాన జబ్బు ఉన్నట్టు కాదు. 24 గంటలలోపు రక్తం తీసినా, నెలలు నిండకుండా పుట్టినా సంఖ్య ఎక్కువగా వస్తుంది. కాన్పుకు ముందు తల్లికి స్టిరాయిడ్ ఇంజెక్షన్లు ఇస్తే తక్కువ చూపవచ్చు, కాబట్టి ఆ సంగతి డాక్టరుకు చెప్పండి. రక్తం తీయడంలోనూ పొరపాట్లు జరుగుతాయి. మడమ పక్కభాగంలో పొడిచి, మొదటి చుక్క తుడిచేసి, తర్వాతి పెద్ద చుక్కతో గుండ్రం ఒకేసారి నిండి కాగితం వెనక్కి ఇంకాలి. చుక్క మీద చుక్క వేస్తే విలువ పెరుగుతుంది. ఎండ తగలకుండా, పరిచి కనీసం 3 గంటలు ఆరబెట్టాలి. మన సముద్రపు తేమలో ఆరీ ఆరకుండా కవర్లో పెడితే నమూనా చెడిపోతుంది.

ఈసారి నరం నుంచి తీసిన రక్తంలో 17-ఓహెచ్‌పీతో పాటు సోడియం, పొటాషియం, గ్లూకోజ్ కూడా ఈ రోజే చూడమనండి. బరువు తూయించండి. వాంతులు, మగత ఉంటే నేరుగా క్యాజువాలిటీకి వెళ్లి ఆ రిపోర్టు చూపించండి. ఇంట్లో ఉప్పునీళ్లు పట్టకండి.

జబ్బు ఖాయమైతే హైడ్రోకార్టిజోన్ రోజుకు మూడుసార్లు, ఆల్డోస్టిరాన్ పని చేసే ఫ్లూడ్రోకార్టిజోన్, తొలి ఏడాది డాక్టరు చెప్పినట్టు కొలిచి రోజు మొత్తానికి ఇచ్చే 1–2 గ్రాముల ఉప్పు ఉంటాయి. పసివాడి ఒంటి వైశాల్యం సుమారు 0.2 చదరపు మీటర్లే. హైడ్రోకార్టిజోన్ చదరపు మీటరుకు 10–15 మిల్లీగ్రాముల లెక్కన రోజుకు 2–3 మిల్లీగ్రాములు, పూటకు ఒక మిల్లీగ్రాముకు మించదు (మొదట్లో కాస్త ఎక్కువ ఇవ్వవచ్చు). మాత్రను కంటి అంచనాతో విరిస్తే పూట పూటకూ తేడా వస్తుంది, కాబట్టి ఫార్మసిస్టుతో పొట్లాలు కట్టించుకోండి. జ్వరం వస్తే డాక్టరు చెప్పినట్టు హైడ్రోకార్టిజోన్ మోతాదు రెండు మూడు రెట్లు పెంచాలి. మందు కక్కేస్తుంటే ఇంజెక్షన్ తప్పదు.