కణాల షుగర్ లెక్కలు: మీ ప్రశ్నలు, మా జవాబులు

మూలకణాలు గ్లూకోజును ఎలా వాడుకుంటాయన్న అంశంపై వచ్చిన ప్రశ్నల్లో కొన్నింటికి ఈ నెల జవాబులిస్తున్నాం. ఎక్కువ ఉత్తరాలు ల్యాబుల్లో పనిచేస్తున్న విద్యార్థుల నుంచే వచ్చాయి కాబట్టి అంకెలు కాస్త ఎక్కువే ఉంటాయి.

ప్ర: ఐపీఎస్ మూలకణాలను (మామూలు కణాలను వెనక్కి మళ్లించి ల్యాబులో చేసిన మూలకణాలను) పెంచే ద్రవంలో గ్లూకోజ్ 315 ఉంటుందని చదివాను. మనిషికి ఆ అంకె వస్తే ఆస్పత్రికి పరుగెడతాం. కణాలకు ఏమీ కాదా? (ఉపాధ్యాయిని, తెనాలి)

జ: మీరు చదివింది నిజమే. ఈ కణాలకు వాడే మీడియాల్లో, అంటే పెంపక ద్రవాల్లో, చాలావాటికి డీఎంఈఎం/ఎఫ్12 అనే పోషక ద్రవం ఆధారం. అందులో గ్లూకోజ్ లీటరుకు 3.15 గ్రాములు, అంటే 17.5 మిల్లీమోలార్ (అణువుల సంఖ్యను బట్టి చిక్కదనం చెప్పే కొలత). రక్తపరీక్ష లెక్కలో అది డెసిలీటరుకు 315 మిల్లీగ్రాములు. ఒంట్లో అయితే కాలేయం ఎప్పటికప్పుడు రక్తంలోకి గ్లూకోజ్ వదులుతూ ఉంటుంది. ప్లేటులో పోసిన 2 మిల్లీలీటర్లకు అలాంటి ఆసరా లేదు. మర్నాడు మీడియం మార్చేదాకా ఉన్నదాంతోనే గడవాలి.

పైగా ఈ కణాలు తిండిపోతులు. ఆక్సిజన్ అందుతున్నా సరే, గ్లూకోజులో ఎక్కువ భాగాన్ని గ్లైకాలిసిస్ (గ్లూకోజును విరిచే తొలి దశ) దగ్గరే ఆపేసి లాక్టేట్‌గా బయటికి పంపేస్తాయి. ఆ దారిలో ఒక్కో గ్లూకోజ్ అణువుకు మిగిలేది 2 ఏటీపీలే (కణానికి శక్తినిచ్చే అణువులు). మైటోకాండ్రియాలో పూర్తిగా దహనమైతే సుమారు 30 వచ్చేవి. ఇదే తీరును 1920ల్లో జర్మన్ శాస్త్రవేత్త ఓటో వార్‌బుర్గ్ క్యాన్సర్ కణాల్లో గమనించాడు. చూడ్డానికి దుబారాలా ఉంటుంది గానీ, గబగబా విభజన చెందే కణానికి ఏటీపీ ఒక్కటే చాలదు. కొత్త డీఎన్ఏకు రైబోజ్, కొత్త పొరలకు కొవ్వులు కావాలి. ఆ ముడిసరుకు గ్లూకోజ్ నుంచే రావాలి. అలాగని 315 సహజమైన స్థాయి అనుకోకండి. కణాలు పెరగడానికి వీలుగా పెట్టుకున్న అంకె, అంతే.

ప్ర: ఐపీఎస్ కణాలు 24 గంటల్లో వాడిన గ్లూకోజును, వదిలిన లాక్టేట్‌ను కొలిచాను. గ్లూకోజ్ 17.5 నుంచి 14.5 మిల్లీమోలార్‌కు తగ్గింది. లాక్టేట్ సున్నా నుంచి 7.8కి పెరిగింది. వదిలిన లాక్టేట్‌కూ వాడిన గ్లూకోజుకూ నిష్పత్తి 2.6. మా మేడమ్ ఇది అసాధ్యమంటున్నారు. ప్లేటులో కణాలు లేని గుంటలో గ్లూకోజ్ 18.4 వచ్చింది, పైపెట్ తేడా అనుకుని వదిలేశాను. (పరిశోధక విద్యార్థి, హైదరాబాద్)

జ: మేడమ్ మాటే సరైనది. ఒక గ్లూకోజ్ అణువు నుంచి రెండుకు మించి లాక్టేట్ అణువులు రావు. మీ చిక్కుకు జవాబు మీరు వదిలేసిన ఆ 18.4లోనే ఉంది. కణాలు లేని గుంటలో గ్లూకోజ్ పెరగదు, నీరు ఆవిరవుతుంది. 17.5 కాస్తా 18.4 అయిందంటే 5 శాతం చిక్కబడింది. మీ 2 మిల్లీలీటర్లలో మిగిలింది దాదాపు 1.9. ఇది రెండు వైపులా దెబ్బ తీస్తుంది. మిగిలిన గ్లూకోజ్ ఎక్కువగా కనబడుతుంది కాబట్టి వాడకం తగ్గినట్టుంటుంది, లాక్టేట్ మాత్రం పెరిగినట్టుంటుంది.

ఇప్పుడు సరిచేద్దాం. 14.5ను 1.05తో భాగిస్తే 13.8, వాడకం 3.0 కాదు, 3.7. లాక్టేట్ 7.8 కూడా 7.4 అవుతుంది. ఇందులో ఇంకో మెలిక ఉంది. డీఎంఈఎం/ఎఫ్12లో 0.5 మిల్లీమోలార్ పైరువేట్ (లాక్టేట్‌కు ముందు మెట్టు) ముందే ఉంటుంది. అది మొత్తం లాక్టేట్‌గా మారిందనుకుని తీసేస్తే 6.9 మిగులుతుంది. 6.9ని 3.7తో భాగిస్తే 1.9 దగ్గర ఆగుతుంది. మూలకణాలకు నప్పే అంకె.

ఈసారి ఇలా చేయండి. ప్లేటు అంచు గుంటల్లో కణాలు వేయకుండా స్టెరైల్ నీళ్లు పోయండి. కణాలు లేని గుంటకు కూడా మ్యాట్రిజెల్ (కణాలు అతుక్కోవడానికి వాడే జెల్) పూత వేసి, అదే మీడియం పోసి, అదే తట్టలో ఉంచండి. ఒకే గుంటలోంచి 6, 12, 24 గంటలకు నమూనా తీస్తే ప్రతిసారీ ఘనపరిమాణం మారిపోతుంది, కాబట్టి ఒక్కో సమయానికి వేరే గుంటలు పెట్టుకోండి. 6 గంటల నమూనా మీద మాత్రం ఎక్కువ భరోసా పెట్టుకోవద్దు. 17.5లోంచి 16.7 తీసేసే లెక్కలో పరికరం 3 శాతం అటూ ఇటూ అయినా మీ ఫలితం తుడిచిపెట్టుకుపోతుంది. ఇంట్లో వాడే గ్లూకోమీటరుతో కొలవకండి. ఆ స్ట్రిప్పులు ఎర్ర రక్తకణాలున్న రక్తానికి సరిపడేలా చేసినవి. గ్లూకోజును ఎంజైముతో కొలిచే హెక్సోకైనేజ్ కిట్ వాడండి, నమూనాను దాని కొలత పరిధిలోకి వచ్చేదాకా పలచన చేయండి.

ఒక్కో కణం వాడకం తేలాలంటే కణాల లెక్క మొదట్లోనూ చివర్లోనూ తీయాలి. 5 లక్షలు 10 లక్షలైతే సగటు 7.5 లక్షలు కాదు. కణాలు రెట్టింపులుగా పెరుగుతాయి కాబట్టి పెరిగిన 5 లక్షలను రెండు లెక్కల నిష్పత్తి సహజ లాగరిథంతో, అంటే 0.693తో, భాగించాలి. 7.2 లక్షలు వస్తుంది. ఇదంతా చేసినా నిష్పత్తి 2 దాటితే మైకోప్లాస్మా పీసీఆర్ (డీఎన్ఏ పరీక్ష) చేయించండి. కంటికి కనిపించని ఆ బ్యాక్టీరియా మీ మీడియాన్ని తనూ తింటుంది.

ప్ర: కణాల ఆక్సిజన్ వాడకాన్ని కొలిచే సీహార్స్ యంత్రంలో, మైటోకాండ్రియా శ్వాసను పెంచే రసాయనం ఎఫ్‌సీసీపీ వేసినా ఆక్సిజన్ వాడకం పెరగట్లేదు. మూలకణాల మైటోకాండ్రియా పనిచేయవనుకోవచ్చా? (పీహెచ్‌డీ విద్యార్థిని, బెంగళూరు)

జ: తొందరపడకండి. ముందు ఎఫ్‌సీసీపీ మోతాదు చూసుకోండి. 0.25, 0.5, 1, 2 మైక్రోమోలార్ నాలుగూ ఒకే ప్లేటులో పెట్టండి. మోతాదు ఎక్కువైతే మైటోకాండ్రియా పొర మీది విద్యుత్ తేడా పూర్తిగా కూలిపోయి శ్వాస పెరగకపోగా తగ్గుతుంది. తర్వాత గుంట అడుగున కణాలు సమంగా పరుచుకున్నాయో లేదో మైక్రోస్కోపులో చూడండి. గడ్డలుగా వేస్తే ఒక గుంటకూ ఇంకో గుంటకూ పొంతన ఉండదు. ఆక్యుటేస్ అనే ఎంజైమ్ ద్రవంతో విడగొట్టి, విడిపోయిన కణాలు చావకుండా కాపాడే మందు వై-27632ను 10 మైక్రోమోలార్ కలిపి వేసి, మర్నాడు ఆ మందు తీసేయండి. పరీక్షకు ముందు బైకార్బొనేట్ లేని, పీహెచ్ 7.4 మీడియంలో, కార్బన్ డయాక్సైడ్ లేని 37 డిగ్రీల ఇంక్యుబేటర్లో ముప్పావు గంట నుంచి గంట ఉంచాలి.

ప్రోటీన్ కొలిచి దాంతో ఫలితాన్ని భాగిస్తున్నారా? మ్యాట్రిజెల్ కూడా ప్రోటీనే. కేంద్రకాలకు హోక్స్ట్ రంగు వేసి లెక్కపెట్టడం మేలు. ఆ యంత్రం చూపే ఆమ్లం పెరుగుదల మొత్తం లాక్టేట్‌దే కాదన్నది కూడా గుర్తుంచుకోండి. మైటోకాండ్రియా వదిలే కార్బన్ డయాక్సైడ్ వాటా అందులో కలిసే ఉంటుంది.

ప్ర: మధుమేహం ప్రభావం చూడ్డానికి ఈ కణాలకు 25 మిల్లీమోలార్ గ్లూకోజ్ ఇస్తున్నాను. 17.5తో పోలిస్తే తేడా రావట్లేదు. (ఎమ్మెస్సీ విద్యార్థి, విశాఖపట్నం)

జ: మీ ‘మామూలు’ గుంటే ఇప్పటికే 315లో ఉంది, తేడా ఎక్కణ్నుంచి వస్తుంది? 5.5 మిల్లీమోలార్‌తో మొదలుపెట్టండి. దాని పక్కనే 5.5 గ్లూకోజ్, 19.5 మానిటాల్ (కణాలు ఇంధనంగా వాడుకోని పదార్థం) కలిపిన గుంట ఒకటి ఉండాలి. లేకపోతే మీరు చూసేది షుగర్ ప్రభావమో, ద్రావణం చిక్కదనమో తేలదు. అయితే 5.5 త్వరగా అయిపోతుంది. 2 మిల్లీలీటర్లలో ఉండేది 11 మైక్రోమోల్. పై ప్రశ్నలోని లాంటి కణాలు రోజుకు 7 దాకా లాగేస్తాయి, సంఖ్య రెట్టింపైతే రెండో రోజు మధ్యలోనే పస్తు. కాబట్టి మీడియం రోజుకు రెండుసార్లు మార్చాలి.

ఇన్సులిన్ సంగతీ చూడండి. మూలకణాలకు వాడే ‘ఈ8’ అనే మీడియంలో అది లీటరుకు 19.4 మిల్లీగ్రాములు, మన రక్తంలో ఉండేదానికి వేల రెట్లు. ఆ వరదలో ఇంకాస్త ఇన్సులిన్ కలిపి కణం స్పందన చూస్తానంటే కుదరదు.

ప్ర: గ్లైకాలిసిస్ జన్యువులు ఎంత చురుగ్గా ఉన్నాయో కొలిచే క్యూపీసీఆర్‌కు జీఏపీడీహెచ్‌ను రిఫరెన్సుగా (పోల్చి చూసే జన్యువుగా) వాడొచ్చా? (పేరు రాయలేదు)

జ: వద్దు. అది గ్లైకాలిసిస్ ఎంజైమే. కొలవాల్సినదాన్నే కొలబద్దగా పెట్టుకున్నట్టవుతుంది. పైగా ఆ జన్యువు 12వ క్రోమోజోము పొట్టి చేతి మీద ఉంది. ఎక్కువ కాలం పెంచిన మూలకణాల్లో ఆ క్రోమోజోము అదనంగా చేరడం తరచూ కనిపించేదే. ఆర్‌పీఎల్‌పీ0, టీబీపీ లాంటి వేరే జన్యువులు రెండు మూడు కలిపి వాడండి. కార్యోటైప్ (క్రోమోజోముల పరీక్ష) చేయించి ఎన్నాళ్లయిందో కూడా ఒకసారి చూసుకోండి.

ప్ర: మూలకణాల ఇంజెక్షన్‌తో షుగర్ వ్యాధి తగ్గిస్తామని ఒక క్లినిక్ వాళ్లు డబ్బు కట్టమంటున్నారు. (రైతు, ఖమ్మం జిల్లా)

జ: కట్టకండి. కేంద్ర సంస్థలైన ఐసీఎంఆర్ (వైద్య పరిశోధన మండలి), డీబీటీ (బయోటెక్నాలజీ విభాగం) 2017లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం మధుమేహానికి ఇది ఆమోదం పొందిన వైద్యం కాదు. అనుమతి పొందిన క్లినికల్ ట్రయల్‌లో తప్ప ఇవ్వకూడదు, ట్రయల్‌లో చేరినవాళ్ల దగ్గర చికిత్సకు డబ్బు తీసుకోకూడదు. సీటీఆర్‌ఐ (దేశంలోని క్లినికల్ ట్రయల్స్ జాబితా) నమోదు సంఖ్య ఎంతని అడగండి. చెప్పకపోతే మీ మామూలు మందులే వాడుతూ, మీ డాక్టరుగారిని కలవండి.