మొదటి రోజుల దాకా వెళ్లి చూడు

నాయనా,

వందనాలు. ఉద్యోగం పోయిన దగ్గర్నుంచీ ప్రార్థనకు కూర్చుంటే మాట రావడం లేదని, ఆదివారం సంఘానికి వెళ్లినా మనసు అక్కడ నిలవడం లేదని రాశావు. "నా విశ్వాసంలోనే ఏదో లోపం ఉందేమో పెద్దమ్మా" అన్నావు చూడు, ఆ ఒక్క మాట నేను ఒప్పుకోను.

ఇలాంటప్పుడు అందరూ వాగ్దాన వచనాలు వెతుక్కుంటారు. ఈ మధ్య అవి ఫోన్లో పూటకొకటి వస్తున్నాయి కూడా. తప్పని అనను గానీ, దిగులు బాగా పట్టుకున్నప్పుడు అవి లోపలికి దిగవు. దానికన్నా, అసలు ఈ విశ్వాసం ఎలాంటి రోజుల్లో పుట్టిందో వెళ్లి చూడు. లూకా సువార్త 24వ అధ్యాయం తీసి నెమ్మదిగా చదువు.

యేసు శిష్యులిద్దరు ఎమ్మాయు అనే ఊరికి నడిచి పోతుంటారు. యెరూషలేముకు ఆమడ దూరం. యేసు సమాధి ఖాళీగా ఉందని ఆడవాళ్లు తెచ్చిన కబురు అప్పటికే విన్నారు. అయినా నమ్మకం కుదరలేదు, ముఖాలు వేలాడేసుకుని వెళ్లిపోతున్నారు. పక్కన నడుస్తున్నది యేసేనని కూడా తెలుసుకోలేకపోయారు. ఆయన వాళ్లను కాస్త మందలించాడు, ఆ తర్వాత మోషే దగ్గర మొదలుపెట్టి లేఖనాలన్నీ వివరించుకుంటూ వచ్చాడు. రొట్టె విరిచాక గానీ వాళ్ల కళ్లు తెరుచుకోలేదు. ఇక చీకటని చూడకుండా ఆ గడియలోనే లేచి వచ్చిన దారినే వెనక్కి నడిచారు. యెరూషలేములో ఏం మారిందని? యేసుకు సిలువ శిక్ష వేసిన పిలాతు అక్కడే ఉన్నాడు, ప్రధాన యాజకులూ అక్కడే ఉన్నారు. మిగతా శిష్యులు భయంతో తలుపులు వేసుకుని కూర్చున్నారు. మన సంఘం మొదలైంది అలాంటి మనుషులతోనే. నీకన్నా ధైర్యవంతులేం కాదు.

ఫిలిప్పీ పట్టణం సంగతి కూడా చూడు. ఊదారంగు పొడి అమ్ముకునే లూదియ ఇంటితో మొదలైన సంఘం అది. అదే ఊళ్లో సువార్త చెప్పిన పౌలునూ సీలనూ బెత్తాలతో కొట్టి, కాళ్లకు బొండకొయ్య బిగించి చెరసాలలో పడేశారు. తర్వాత ఆ సంఘానికి సంతోషించమని మళ్లీ మళ్లీ రాసినప్పుడు కూడా పౌలు ఖైదీయే. రోములో నీరో చక్రవర్తి క్రైస్తవులను చంపించింది 64లో. సామ్రాజ్యమంతటా చట్టప్రకారం స్వేచ్ఛ దొరికింది 313లో. మధ్యలో దాదాపు 250 ఏళ్లు! హింస మళ్లీ ఎప్పుడు మొదలవుతుందో తెలియకుండానే ఎన్ని తరాలు పిల్లలకు ప్రార్థన నేర్పి వెళ్లిపోయాయో. కష్టం వచ్చిందంటే విశ్వాసం తక్కువైనట్టేనని నీకెవరైనా చెబితే, ముందు వాళ్లను ఈ లెక్క చూడమను.

హెబ్రీయులకు రాసిన పత్రిక 10వ అధ్యాయంలో, అలసిపోయిన విశ్వాసులకు వాళ్ల తొలి రోజులు గుర్తుచేస్తారు. ఆస్తులు పోయినా తట్టుకున్న రోజులవి. నువ్వూ అదే చెయ్యి. ఒక నోట్‌బుక్ తీసుకుని, నువ్వు మొదట నమ్మిన రోజులు రాయి. నీకోసం ఎవరు ప్రార్థించారు, అప్పుడు నీకున్న భయమేమిటి, ఏ మాట నిన్ను పట్టుకుంది. సాక్ష్యం చెప్పేటప్పుడు మనం కాస్త నగిషీలు పెడతాం కదా, ఇందులో అవి వద్దు. జవాబు రాని ప్రార్థనలుంటే అవీ రాయి. అప్పట్లో నీతో కూర్చుని ప్రార్థించినవాళ్లు ఉంటే ఫోన్ చేసి అడుగు. నువ్వు మర్చిపోయినవి వాళ్లకు గుర్తుంటాయి.

ఉద్యోగ ప్రయత్నం మాత్రం ఆపకు. నిద్ర పట్టకపోతే డాక్టరుకు చూపించుకో, అందులో నామోషీ ఏమీ లేదు. ఆదివారం వెళ్లి వెనక కూర్చున్నా చాలు. పాట రాకపోతే పాడకు, పక్కవాళ్లు పాడతారులే.

మీ పెద్దమ్మ